సగటు చూసి పెట్టిన సంతకం



పోయిన నెల మన చదువుల నిధి కమిటీ ఒక దరఖాస్తును వద్దని పక్కన పెట్టింది. ఆ కాగితం మీద మూడు సంతకాలున్నాయి. మూడోది మాది. ఆ సంతకం తప్పని ఇప్పుడు మాకు గట్టిగా తోస్తోంది. ఎందుకో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది. మా రాతలు పొడుగని మీకు ఎలాగూ తెలుసు. తప్పులుంటే ఎప్పటిలాగే మన్నించండి. మేం చదివింది తమిళ బడిలో, తెలుగు అక్షరాలు దిద్దింది రిటైరయ్యాక మన సంఘం ఆదివారం క్లాసులో.

దరఖాస్తు పెట్టింది మదురై పాప. నాయన టైలరు. ఇంట్లో మన తెలుగు, బడిలో తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ ముగించింది. పరిశోధనలో చేరడానికి రాయాల్సిన పరీక్షలకీ, పుస్తకాలకీ, ఇంటర్వ్యూలకు పోయివచ్చే చార్జీలకీ ఒక ఏడాది సాయం అడిగింది. ‘ఏ విషయం’ అన్నచోట ఇంగ్లీషులో రెండు వరుసలు రాసింది. మాలో ఎవరికీ అర్థం కాలేదు. కమిటీలో ఒకాయన పాత ఖాతా తీసి, మన నిధితో ఇంజనీరింగు చదివినవాళ్ళు సగటున ఎంత సంపాదిస్తున్నారు, ఒట్టి సైన్సు చదివినవాళ్ళు సగటున ఎంత, అని చూపించాడు. ఆ లెక్క మాకు అర్థమయింది. సంతకం పెట్టేశాం.

ఆ తర్వాత ఒక శనివారం పాప సర్టిఫికెట్లు తీసుకుపోవడానికి మదురై నుంచి పగటి రైల్లో కోయంబత్తూరు వచ్చింది. కాగితాలు మా ఇంట్లోనే ఉన్నాయి. కోపంగా వస్తుందనుకున్నాం. రాలేదు. నీళ్ళు తాగి, కవరు తీసుకుని, “తాతా, ఎందుకు వద్దన్నారో చెప్తే వచ్చే ఏడు సరిగ్గా రాస్తా” అంది. మాకు గొంతులో ఏదో అడ్డం పడింది. “నువ్వు రాసింది మాకు అర్థం కాలేదమ్మా” అన్నాం. అది సగం నిజం.

“అయితే చెప్పనా?” అని కూర్చుంది. కార్తీక దీపం దగ్గరపడింది, మా ఇంటామె వంటింట్లో పేలాలు వేయిస్తోంది.

మొదటి చిక్కు మాటల దగ్గరే. పాప ‘తుగళ్’ అని తమిళంలో మొదలుపెట్టింది. మేమూ బడిలో ఆ మాటే నేర్చుకున్నాం. లోపలినుంచి మా ఇంటామె “తుగళ్ అంటే ఏమే?” అంది. పాప ఆలోచించి, “నూక అనుకో అవ్వా. ఇంక విరగని నూక” అంది. పుస్తకాల్లో దాన్ని కణం అంటారు. పాప చదవబోయే దాన్ని తెలుగు పుస్తకాల్లో అణుచలన సిద్ధాంతం అంటారని ఆ రాత్రి వెతికితే దొరికింది. ఇంట్లో పుట్టి పెరిగిన భాషలో ఇటువంటి మాటకోసం రాత్రి పదింటికి డిక్షనరీ తిరగేయడం మనబోటివాళ్ళకే జరుగుతుంది. అది వేరే కథ.

అణుచలన సిద్ధాంతం పాతదే. ఒక డబ్బాలో గాలి ఉంది. అందులో కోటానుకోట్ల అణువులు అటూ ఇటూ పరుగెత్తుతూ ఒకదాన్నొకటి గుద్దుకుంటుంటాయి. ఒక్కొక్కదాన్నీ వెంటపడి లెక్కపెట్టడం ఎవరివల్లా కాదు. 1872లో ఆస్ట్రియావాడు బోల్ట్జ్‌మన్ ఒక దారి చూపించాడు. ఒక్కో అణువును చూడొద్దు, ఒక్కో వేగాన్ని చూడు. ఈ వేగంతో ఇప్పుడు ఎన్ని ఉన్నాయి, గుద్దుకోవడంవల్ల ఈ లెక్కలోకి కొత్తగా ఎన్ని వచ్చాయి, ఎన్ని పోయాయి, అది చాలు.

పాప ఇంతవరకూ చెప్పగానే మేం నవ్వేశాం. “ఇది మా డి.టి.సి. పుస్తకం కదమ్మా!” అన్నాం. రైల్వేలో బుకింగులో కూర్చున్నవాళ్ళకు తెలుసు. పొద్దున మొదటి టికెట్ నంబరు, రాత్రి ఆఖరి టికెట్ నంబరు, రెండింటి తేడా అమ్మకం, దానికి సరిపడా డబ్బు. ఎవడు ఎక్కడికి ఎందుకు పోయాడో మనకు అక్కర్లేదు. జమ ఇంత, ఖర్చు ఇంత, నిలవ ఇంత.

“అదే తాతా. కాని నా లెక్కలో ఒక తిరకాసుంది. మీ జంక్షన్లో ఒకడు దిగి ఇద్దరై ఎక్కితే?”

తిరకాసు ఏమిటంటే, మామూలు గాలిలో అణువులు గుద్దుకుంటే వేగం మారుతుంది గాని సంఖ్య మారదు. గుద్దుడు మరీ గట్టిదైతే, ఆ పరుగులో ఉన్న శక్తే కొత్త కణాలైపోతుంది. ఐన్‌స్టీన్ చెప్పినట్టు శక్తీ పదార్థమూ ఒకే డబ్బుకు రెండు నోట్లు. అప్పుడు పుస్తకంలో జమ వైపు ఇంకో కాలం గీయాలి, ‘పుట్టినవి’ అని. ఆ కాలం ఎలా నింపాలన్నదే పాప చదువు.

దీనికి మొదటి మంచి ఉదాహరణ మన దేశంవాడే చూపించాడు. 1937లో హోమీ భాభా ఇంగ్లండులో ఉండగా హైట్లర్ అనే ఆయనతో కలిసి ఒక లెక్క వేశాడు. చాలా వేగంగా పోయే ఎలక్ట్రాన్ ఒక అణువు నడుమనున్న కేంద్రకం పక్కనుంచి పోతూ దారి వంగుతుంది. వంగినప్పుడు ఒక కాంతి కణాన్ని, అంటే ఫోటాన్‌ను, విడుస్తుంది. ఆ ఫోటాన్ ఇంకో కేంద్రకం దగ్గర తాను మాయమై ఒక ఎలక్ట్రాన్, ఒక పాజిట్రాన్ అవుతుంది. అవి మళ్ళీ ఫోటాన్లను విడుస్తాయి. ఒకటి రెండు, రెండు నాలుగు. పది మెట్లకు వెయ్యి దాటుతుంది, ఇరవై మెట్లకు పది లక్షలు దాటుతుంది. మెట్టు మెట్టుకూ ఒక్కోదాని వాటా శక్తి చిక్కిపోతుంది. చివరికి కొత్తదాన్ని కనే బలం లేక వాన ఆగుతుంది.

ఈ వాన మన నెత్తిమీద కురుస్తూనే ఉంది. ఆకాశంలో ఎక్కడినుంచో వచ్చే కణం, ఎక్కువగా ప్రోటాన్, పైగాలిలో గుద్దుకుని జల్లై కిందికి దిగుతుంది. అందులో మ్యువాన్లు అనేవి నేలదాకా వస్తాయి. చెయ్యి చాపి పెట్టుకుంటే సెకనుకు ఒకటో రెండో దాన్ని దాటి పోతుంటాయట. పాప ఈ మాట చెప్పాక మా ఇంటామె చెయ్యి చాపి చాలాసేపు చూసుకుంది.

మనకు ఇది దూరం సంగతి కాదు. ఊటీలో టాటా మూలపరిశోధన సంస్థవాళ్ళ కాస్మిక్ కిరణాల లాబొరేటరీ ఉంది. అక్కడ జపాన్‌వాళ్ళతో కలిసి గ్రేప్స్-3 అనే ఏర్పాటు నడుపుతున్నారు. కొండమీద ఎనిమిదేసి మీటర్ల దూరంలో సుమారు 400 డిటెక్టర్లు. మ్యువాన్లను పట్టడానికి ఆరేసి మీటర్ల పొడుగు ఇనప గొట్టాలు 3712, వాటిమీద రెండు మీటర్ల మందం కాంక్రీటు. 2014 డిసెంబరు 1న ఉరుముల మేఘం ఒకటి పైనుంచి పోతుంటే మ్యువాన్ల సంఖ్యలో వచ్చిన మార్పును బట్టి ఆ మేఘంలో 130 కోట్ల వోల్టులున్నాయని లెక్క తేల్చారు. 2019లో అది ప్రపంచమంతా వార్త. మేం మేట్టుపాళయంనుంచి ఆ కొండ రైల్లో ఎన్నిసార్లు పోయామో లెక్కలేదు. పిల్లలకు వర్కీ కొన్నాం, బొటానికల్ గార్డెను చూపించాం. ఈ గొట్టాల మాట మాకు ఎవరూ చెప్పలేదు, మేం అడగనూ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. సగటు.

భాభా, హైట్లర్ లెక్క చెప్పేది సగటు. ఇంత శక్తితో వచ్చిన కణంనుంచి ఇంత లోతులో సగటున ఇన్ని పుడతాయి, అని. కాని నిజంగా ఒక్కో జల్లు ఒక్కో రకం. అదే శక్తి, అదే గాలి, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ఎంత ఎక్కువ, ఎంత తక్కువ కావచ్చు? ఈ ప్రశ్నను పట్టుకున్నవాళ్ళలో ఒకరు మద్రాసువారు, అల్లాడి రామకృష్ణన్ (1923–2008). ఇంటిపేరు వింటేనే తెలుస్తుంది కదా. రాజ్యాంగం రాసిన ముసాయిదా కమిటీలో ఉన్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌గారి కొడుకు. ఆయన పుట్టింది నెల్లూరు వైపు పుదూరులో. తండ్రి దారిలో వకీలు కావలసిన కొడుకు భాభా ఉపన్యాసం విని ఫిజిక్సుకు మళ్ళారు. 1950 ప్రాంతంలో ఆయన చేసిన పని ఇది: ఒక కణం ఇక్కడ ఉంటే ఇంకోటి అక్కడ ఉండే అవకాశం ఎంత అని రెండేసి కలిపి లెక్కపెట్టడం.

రెండేసి ఎందుకంటే, జల్లులోని కణాలు ఒకదానికొకటి పరాయివి కావు. ఒకే తల్లి పిల్లలు. తల్లి ఎలక్ట్రాన్ చీలడం ఆలస్యమైతే ఆ వంశమంతా ఆలస్యమే. ముందే చీలితే వంశమంతా ముందే. కాబట్టి హెచ్చుతగ్గులు ఒక్కొక్కటిగా రావు, గుంపుగా వస్తాయి. పరాయివాళ్ళని లెక్కేస్తే తేలేదానికంటే పెద్దవిగా వస్తాయి.

ఈ మాట వినగానే మేం లేచి లోపలికి పోయాం. ముఖం కడుక్కోవడానికని చెప్పాం. నిజానికి 1984 తైపూసం గుర్తొచ్చింది.

అప్పుడు మేం పొల్లాచ్చి–పళని మీటర్‌గేజి లైన్లో ఒక చిన్న స్టేషన్లో బుకింగు క్లర్కు. ఏ స్టేషనో వద్దు. కొత్త ఉద్యోగం, లెక్కల్లో మంచి పేరు. తైపూసానికి ఎన్ని కార్డు టికెట్లు తెప్పించాలో రాయాలి. మేం మూడేళ్ళ పుస్తకాలు తీసి, సగటు కట్టి, దానిమీద ఇంకో కాస్త వేసి ఇండెంటు రాశాం. పాత పోర్టరు ఒకాయన, “సామీ, ఈసారి పంట బాగా పండింది, కావడి గుంపులు ఎక్కువొస్తాయి. గుంపులో ఒకడొస్తే నలభైమంది వస్తారు” అన్నాడు. మేం పుస్తకం చూపించాం.

పూసం మర్నాడు మధ్యాహ్నానికే టికెట్ల గొట్టం ఖాళీ. కొండకు నడిచిపోయినవాళ్ళంతా రైల్లో తిరిగిపోవాలని వచ్చేశారు. ఊళ్ళకు ఊళ్ళే. కార్డు లేకపోతే బ్లాంక్ పేపర్ టికెట్ చేత్తో రాయాలి: స్టేషను, మనుషులు, చార్జీ, తేదీ, కింద కార్బను. ఎంత వేగంగా రాసినా ఒక్కోదానికి రెండు నిమిషాలు. కిటికీ అవతల పచ్చబట్టల కావడివాళ్ళు, పసిపిల్లలు, అరుపులు. సాయంత్రం బండి వచ్చింది, నిలబడింది, పోయింది. టికెట్ దొరకని ముప్పైమంది దాకా ఆ రాత్రి ప్లాట్‌ఫారం మీదే పడుకున్నారు. అందులో కాళ్ళు బొబ్బలెక్కిన ముసలామె ఒకామె, “పరవాయిల్లై తంబీ, మురుగన్ పార్త్తుక్కువాన్” అంది మాతో. మురుగన్ చూసుకుంటాడట. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

మమ్మల్ని పైవాళ్ళెవరూ ఏమీ అనలేదు. సగటు ప్రకారం మా ఇండెంటు సరిగ్గానే ఉంది కదా! మేం ఇన్నేళ్ళూ ఈ సంగతి ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు మదురై పాప తనకు తెలియకుండానే మా తప్పుకు కారణం చెప్పింది. వచ్చేవాళ్ళు ఒక్కొక్కరుగా వస్తారనుకున్నాం. వాళ్ళు వంశాలుగా వచ్చారు.

తిరిగొచ్చి కూర్చున్నాక పాప తన సొంత విషయానికి వచ్చింది. స్విట్జర్లండు, ఫ్రాన్సు సరిహద్దులో సెర్న్ అనేచోట నేలకింద 27 కిలోమీటర్ల చుట్టు సొరంగం ఉంది. అక్కడ 2010నుంచి సీసం కేంద్రకాలను ఎదురెదురుగా గుద్దిస్తున్నారు. ఒక్క గుద్దుడులో వేలకొద్దీ కణాలు పుడతాయి. ఆ క్షణంలో వేడి ఐదు లక్షల కోట్ల డిగ్రీలకు పైమాటే. సూర్యుడి నడిబొడ్డు ఒకటిన్నర కోటి డిగ్రీలు, పోల్చుకోండి. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ కరిగి లోపలి క్వార్కులూ గ్లూవాన్లూ ఒక రసంలా అయిపోతాయి. రసం అని ఊరికే అనడం లేదు, అది నిజంగానే ద్రవంలా పారుతుంది. లోకం పుట్టిన కొత్తలో, మొదటి సెకనులో ఒక చిన్న ముక్కసేపు, అంతా అలాగే ఉండేదట.

అయితే గుద్దుకున్న మరుక్షణం అది ద్రవం కాదు. చెల్లాచెదురుగా పుట్టుకొచ్చిన కణాల గుంపు. ఆ గుంపు అంత తొందరగా ఎలా సర్దుకుని ద్రవమవుతుంది? ద్రవం లెక్కలు అక్కడ పనికిరావు. మళ్ళీ బోల్ట్జ్‌మన్ పుస్తకమే తెరవాలి: వచ్చినవి, పోయినవి, పుట్టినవి. పాప చేయాలనుకుంటున్నది ఆ చిన్న సందులోని లెక్క. అదంతా జరిగే సమయం ఎంతని అడిగాం. సెకనును వెయ్యికోట్ల కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో కొన్ని ముక్కలు. మేం రాసుకుని చూశాం, ఒకటి పక్కన ఇరవైనాలుగు సున్నాలు. ఒక పేపర్ టికెట్ రాయడానికి మాకు రెండు నిమిషాలు పట్టేది.

పుట్టినవి ఎక్కడినుంచి వస్తాయన్నది ఇంకా వింత. విద్యుత్ బలం చాలా చాలా ఎక్కువైతే ఏమీ లేని శూన్యంనుంచే ఎలక్ట్రాన్, పాజిట్రాన్ జంటగా ఊడిపడతాయని 1951లో అమెరికావాడు ష్వింగర్ లెక్క రాశాడు. మీటరుకు వోల్టులు ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు దాకా కావాలి. రైలు రాకుండా, ఎవరూ గేటు దాటి రాకుండా, ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఇద్దరు ప్రయాణికులు నిలబడి ఉంటే బుకింగు క్లర్కు ఏం చేస్తాడు! పుస్తకంలో ఆ కాలం కూడా గీస్తారట.

ఇక ఈ సెర్న్ లెక్కల్లో కూడా సగటు ఒకసారి మోసం చేసింది. రెండు గుండ్రటి కేంద్రకాలు కాస్త పక్కకు తప్పి గుద్దుకుంటే కలిసిన భాగం బాదం గింజలా ఉంటుంది. లోపలి రసం ఆ ఆకారాన్ని బట్టి రెండు పక్కలకు ఎక్కువ చిమ్ముతుంది. అందరూ బాదం గింజనే లెక్కలో పెట్టుకున్నారు. మూడు పక్కలకు చిమ్మడమనేది సౌష్ఠవం వల్ల సున్నా అనుకున్నారు. సగటు తీస్తే సున్నానే మరి. 2010లో ఆల్వర్, రోలండ్ అని ఇద్దరు, అమెరికాలో అంతకుముందు జరిగిన గుద్దుళ్ళ లెక్కలు పట్టుకుని, ఒక్కో గుద్దుడునూ విడిగా చూడమన్నారు. కేంద్రకంలో ప్రోటాన్లూ న్యూట్రాన్లూ ప్రతిసారీ ఒకేలా పేర్చి ఉండవు. ఒకచోట గుమిగూడి ఉంటాయి, ఒకచోట పలచగా ఉంటాయి. అందుకని ఒక్కో గుద్దుడులో ఒక త్రికోణం దాగి ఉంటుంది. దాని కొన ఒకసారి ఇటు, ఒకసారి అటు. అన్నీ కలిపి సగటు తీస్తే త్రికోణం చెరిగిపోతుంది. ఉన్నది లేనట్టయిపోతుంది.

“మా ఖాతా పుస్తకంలో కూడా అంతేనమ్మా” అన్నాం మేం. పాపకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పే ధైర్యం మాకు లేకపోయింది. మా ఇంటామె పేలాలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. స్టేషనుకు మేమే తీసుకుపోయాం.

ఆ రోజునుంచి ఖాతా మళ్ళీ మళ్ళీ చూస్తున్నాం. ఒట్టి సైన్సు చదివినవాళ్ళంటూ మనం సగటు తీసినవాళ్ళు ఎంతమంది? వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అందులో ఒకరు పెళ్ళై చదువు మానేసింది. ఒకతను నాయన పోయి కొట్టు చూసుకుంటున్నాడు. ఒకామె కాలేజీలో పాఠాలు చెబుతోంది, ఆమె వెనక అదే వీధినుంచి ఇద్దరు పిల్లలు ఫిజిక్సుకు పోయారు. కాని వాళ్ళు మన నిధిని అడగలేదు కాబట్టి మన లెక్కలో లేరు. వంశాలుగా వచ్చేదాన్ని మనం తలసరి లెక్కేశాం.

ఇంకో మాట. రామకృష్ణన్‌గారు మద్రాసులో తన ఇంటి మేడమీద కుర్రాళ్ళను పోగేసి సెమినార్లు నడిపేవారు. 1960లో నీల్స్ బోర్ వచ్చి వాళ్ళను చూసి మెచ్చుకున్నారు. ఆ మెప్పు నెహ్రూదాకా పోయింది. 1962 జనవరి 3న గణితశాస్త్రాల సంస్థ, మ్యాట్‌సైన్స్, మొదలయింది. దానికి వెనక నిలబడిన అప్పటి రాష్ట్ర విద్యామంత్రి సి. సుబ్రమణ్యం. మన పొల్లాచ్చి వైపు మనిషే. ఉద్యోగాల సగటు చూసి ఉంటే ఆయన ఆ ఫైలు మీద ఏం రాసేవారో మేం చెప్పలేం.

నిధి నిబంధనల్లో ‘వృత్తి విద్య’ అనే మాట ఉందనీ, దానికి బయట ఇవ్వడం కుదరదనీ కొందరు అంటారు. నిబంధన మేమూ చదివాం. అందులో ‘ముఖ్యంగా’ అని ఉంది, ‘మాత్రమే’ అని లేదు. ముప్పైఎనిమిదేళ్ళు సర్క్యులర్లు చదివిన కళ్ళు ఇవి.

వచ్చే ఆదివారం పదిన్నరకు కమిటీ కూర్చుంటుంది. మా సంతకం వెనక్కి తీసుకుంటూ రాసిన ఉత్తరం కార్యదర్శిగారికి నిన్ననే ఇచ్చాం. మిగతా ఇద్దరితో ఫోన్లో మాట్లాడాం. ఒకరు సరేనన్నారు, ఇంకొకరు “పాప వచ్చి చెప్తే వింటా” అన్నారు. పాప మదురైనుంచి పొద్దున బండిలో వస్తానంది. పది నిమిషాలు తెలుగులోనే చెప్పాలని ప్రయత్నిస్తోంది, మాటలకోసం రోజూ రాత్రి మా ఇంటామెకు ఫోను చేస్తోంది. నిన్న ‘గుద్దుడు’కు ఇంకేదైనా మంచి మాట ఉందా అని అడిగింది. మా ఇంటామె అదే బాగుంది ఉంచుకోమంది. హాల్లో ప్రొజెక్టరు పనిచేయడం లేదు. ఎవరిదగ్గరైనా ఉంటే శనివారం సాయంత్రంలోపు మాకు చెప్పండి, మేమే వచ్చి తీసుకుపోతాం.